నీటిగిన్నెలోని నీడ: విశ్వాసబోధయందు దృష్టిప్రయోగముల ప్రామాణ్యము

గ్రీష్మఋతువున కృష్ణాతీరమెల్ల ఎండలకు మండుచుండగా, విజయవాడ మొదలు గుడివాడ, పామర్రు, మచిలీపట్నము, అవనిగడ్డల వరకు గల చర్చిలలో పిల్లలకు వేసవి తరగతులును, యవ్వనస్థులకు కూడికలును జరుగుట అందరెరిగిన విషయము. 'వి.బి.ఎస్.' అను మూడక్షరముల పేరు డెల్టా గ్రామములలో క్రైస్తవేతరులకు సైతము పరిచితమే. పాటలు, అభినయములు, కంఠస్థ వాక్యములు, బొమ్మలకు రంగులు వేయుట వీనితోపాటు ఈ తరగతులలో 'వస్తుపాఠము' అనునది యొకటి కలదు. పిల్లవాని చేతికొక వస్తువునిచ్చి, వానిచే స్వయముగా నొక చిన్న ప్రయోగమును చేయించి, దాని ఫలమునుండి ఒక మతసత్యమును బోధించుట ఈ పాఠము యొక్క పద్ధతి. ఇట్టి పాఠములలో కంటికి సంబంధించినవి మిక్కిలి ఆకర్షకములు. ఏలయన కన్ను మోసపోయినప్పుడు పుట్టు ఆశ్చర్యమునకు సాటి యైనది బాల్యమున మరియొకటి లేదు.

క్రైస్తవమతము సత్యమా కాదా అను ప్రశ్న ఇచ్చట విచార్యము కాదు. కంటికి కలిగిన ఆశ్చర్యమును కనబడని ఈశ్వరుని యందలి విశ్వాసమునకు ప్రమాణముగా నిలుపుట న్యాయ్యమా అనునదే విచార్యము. న్యాయ్యము కాదనునది సిద్ధాంతము. ఈ దోషము ఒక్క మతమునకే పరిమితము కాదనునది దాని ఉత్తరభాగము.

మూడు ప్రయోగములు

మొదటిది అంధబిందు ప్రయోగము. ఒక అట్టముక్కపై ఎడమవైపున సిలువగుర్తును, దానికి కుడివైపున 8 సెంటీమీటర్ల దూరమున నల్లని చుక్కను గీయుదురు. ఎడమకన్ను మూసి, కుడికంటితో సిలువనే చూచుచు అట్టను మెల్లగా దగ్గరకు తెచ్చినచో, ముఖమునకు సుమారు 30 సెంటీమీటర్ల దూరమున చుక్క అదృశ్యమగును. ఇంకను దగ్గరకు తెచ్చిన మరల కనబడును. "చుక్క ఎక్కడికిని పోలేదు, నీకు కనబడలేదంతే, దేవుడును అట్లే" అని బోధకుని నిగమనము.

రెండవది గిన్నెలోని నాణెము. గిన్నె అడుగున రూపాయి నాణెమునుంచి, అంచు అడ్డువచ్చి అది కనబడనంత దూరమున బాలుని నిలబెట్టుదురు. గిన్నెలో నీరు పోయగానే, నిలిచినచోట నుండియే వానికి నాణెము కనబడును. నీరు విశ్వాసమునకు గుర్తు, నాణెము దేవుని కృపకు గుర్తు అని వ్యాఖ్యానము.

మూడవది మూడు దీపముల ప్రయోగము. మూడు టార్చిలైట్లకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల కాగితములను చుట్టి, గోడపై ఒకేచోట వెలుగు పడునట్లు చేసిన తెల్లని కాంతి యేర్పడును. మూడు ఒకటియగుట కన్నులారా కనబడినది గనుక త్రిత్వము గ్రాహ్యమని తాత్పర్యము.

ఈ మూడింటి ఆంతర్యము ఒక్కటే. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయపు ఆరంభమున, చూడబడని వాని విషయమున గల నిశ్చయముగా విశ్వాసము నిర్వచింపబడినది. ఆ నిర్వచనమును పిల్లల చేతికందించుటకే ఈ సామగ్రి.

పూర్వపక్షము

ఈ పద్ధతిని సమర్థించువారి వాదమును సంపూర్ణముగా వినవలెను. పిల్లవానికి అమూర్తవిషయము మాటలచే బోధపడదు. చేతితో చేసినది మనస్సున నిలుచును. వేదాంతులు సైతము రజ్జుసర్పమును, శుక్తిరజతమును, జపాకుసుమము చెంతనున్న స్ఫటికమును చూపియే కదా బ్రహ్మమును బోధించుట? మీకు తగినది మాకు తగదా? ఇది వారి ప్రశ్న.

దీనికి చరిత్రయును తోడు. బింబములను గోడపై ప్రసరింపజేయు మేజిక్ లాంతరును హాలెండు దేశీయుడైన హైగెన్స్ 1659లో నిర్మించెను. జెస్యూట్ పండితుడైన కిర్చర్ 1671లో ముద్రించిన గ్రంథమున దాని చిత్రములు కలవు. ఆ లాంతరు గోడపై చూపిన బొమ్మలలో అగ్నిలో నిలిచిన ఆత్మ యొకటి, అస్థిపంజరమొకటి. కాంతియంత్రమును మతబోధకు వినియోగించుట మూడున్నర శతాబ్దముల సంప్రదాయమన్నమాట. 19వ శతాబ్దమున మిషనరీలు భారతదేశమున ఆ లాంతరును వెంటగొని గ్రామములు తిరిగిరి.

విమర్శకుడు మరువరాని సత్యము మరియొకటి కలదు. ఈ డెల్టాలోని మాలపల్లెలలో, మాదిగపల్లెలలో అనేక కుటుంబములకు పలకయు బలపమును మొదట ఇచ్చినవి మిషను బడులే. వేదాధ్యయనము మాట యటుంచి, వీధిబడి అరుగునైనను ఆ పిల్లలకు అందనీయని సమాజము, నేడు వారి మనుమల బోధనాపద్ధతిలో తర్కదోషమును వెదకునప్పుడు గొంతు తగ్గించి మాట్లాడవలెను. గొంతు తగ్గింపవలసినదే గాని, మాట మానవలసిన పని లేదు. ఆ పిల్లల బుద్ధి యితరుల బుద్ధివలెనే అమూల్యమైనది. వారికి దుర్బలమైన తర్కము చాలుననుకొనుట వారి పట్ల గౌరవము కాదు.

దృష్టాంతము వేరు, హేతువు వేరు

న్యాయశాస్త్రమున పరార్థానుమానమునకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని అయిదు అవయవములు. ఉదాహరణమునకు బలము హేతువు వలననే. పొగ అను హేతువున్నప్పుడే వంటయిల్లు ఉదాహరణమగును. హేతువు లేని ఉదాహరణము కేవలము ఉపమ. అది అర్థమును విశదము చేయగలదు, సత్యమును సిద్ధింపజేయజాలదు.

అంధబిందు పాఠమున హేతువేది? "కనబడనిది కనుక ఉన్నది" అనుట హేతువు కానేరదు. అట్లయినచో మఱ్ఱిచెట్టుపైని యక్షుడు, పాడుబావిలోని పిశాచము, కుందేటికొమ్ము కూడ సిద్ధించును. "కనబడకపోయినను ఉండవచ్చును" అనుటయే ఆ ప్రయోగము నుండి న్యాయముగా తేలునది. ఉండవచ్చుననుదానికిని, ఉన్నదనుదానికిని నడుమ గల దూరమును దాటుటకు ఆ అట్టముక్క చాలదు.

కన్నెందుకు చూడదో శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే తెలిపిరి. ఫ్రాన్సు దేశీయుడైన మారియొట్ 1660 ప్రాంతమున ఈ బిందువును గుర్తించెను. నేత్రనాడి కంటినుండి వెలుపలికి పోవుచోట కాంతిగ్రాహక కణములు లేవు. ఆ ఖాళీని మెదడు పరిసరముల రంగుతో పూరించును. అట్లయిన చుక్క నిజముగా అక్కడనే యున్నదని బాలునికెట్లు తెలిసినది? అట్టను జరుపగా మరల కనబడినందున. రెండవ కన్ను తెరువగా కనబడినందున. ఒక చూపులోని లోపమును మరియొక చూపు పూరించినది. కనుక ఈ ప్రయోగము "చూడక నమ్ముము" అని చెప్పుటలేదు, "మరియొకవైపు నుండి చూచి నిర్ణయింపుము" అని చెప్పుచున్నది. బోధకుడు ప్రయోగమొకటి చూపి, దానికి విరుద్ధమైన నీతిని పలికినాడు.

భారతీయ దర్శనములు ఈ చిక్కును సూక్ష్మముగా పరిశీలించినవి. ఉన్నచో తప్పక కనబడవలసిన వస్తువు కనబడనిచో, దాని అభావము నిశ్చితమగును. దీనిని యోగ్యానుపలబ్ధి యందురు. వెలుతురున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదనియే అర్థము. కనబడుటకు యోగ్యత లేని వస్తువు కనబడనిచో, ఉన్నదనియు లేదనియు రెండును తేలవు. నాస్తికుడు "కనబడడు గనుక లేడు" అనినను, ఆస్తికుడు "కనబడడు గనుకనే ఉన్నాడు" అనినను ఇరువురును ఒకే గోతిలో పడుదురు.

ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో ఉన్న వస్తువు కనబడకపోవుటకు ఎనిమిది కారణములను లెక్కించెను: అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియలోపము, మనస్సు నిలువకపోవుట, సూక్ష్మత, అడ్డుపడుట, ప్రబలమైన దానిచే కప్పబడుట, సమానమైన దానిలో కలిసిపోవుట. నల్లచుక్క కథ ఇందు మూడవదానికి చేరును, గిన్నెలో నాణెము ఆరవదానికి చేరును. సాంఖ్యాచార్యుడు ఈ పట్టికయే ప్రకృతికి ప్రమాణమని అచ్చటనే నిలిచిపోలేదు. ప్రకృతి సూక్ష్మత వలన కనబడదని చెప్పి, కార్యమును బట్టి కారణము తెలియబడునని అనుమానమును వెనువెంటనే నిలిపెను. ఆ అనుమానమును అంగీకరింపక వేదాంతులు బ్రహ్మసూత్రములలో ఖండించిరి. వాదమట్లు నడచును. చుక్క మాయమైన చోటనే పాఠము ముగిసినచో వాదమునకు చోటెక్కడిది?

మూడు దీపముల పాఠము మరింత దుర్బలము. ఎరుపు, ఆకుపచ్చ, నీలము కలిసి తెలుపుగా తోచుటకు కారణము, మానవనేత్రమున రంగును గ్రహించు కణములు మూడు విధములుగా ఉండుట. అనేక పక్షులకు నాలుగు విధముల కణములు కలవు. కాంతి కలయికయే దైవతత్త్వమునకు ప్రమాణమైనచో, కొల్లేటికి వచ్చు కొంగల కన్నులకు దైవము చతుష్టయము కావలసివచ్చును! కాంతిని పట్టకముచే విడదీసి, 1704లో దృక్శాస్త్ర గ్రంథమును ప్రకటించిన న్యూటన్ పరమ దైవభక్తుడు. అయినను త్రిత్వమును అతడంగీకరింపలేదని అతని రహస్యలేఖనములు చెప్పుచున్నవి. కాంతిరహస్యమును విప్పినవానికే పట్టని ప్రమాణము, టార్చిలైటు పట్టిన పదేండ్ల బాలునికి పట్టునా?

వేదాంత దృష్టాంతములు చేయు పని

రజ్జుసర్పము మాటయేమి అను పూర్వపక్షమునకు సమాధానమిది. త్రాటియందు పామును చూచుట బ్రహ్మము కలదని నిరూపించుటకు చెప్పబడలేదు. స్పష్టముగా కనబడుచున్నదియు, భయకంపములను పుట్టించుచున్నదియు నైన జ్ఞానము సైతము మరియొక జ్ఞానముచే బాధితము కావచ్చునని చూపుటయే దాని ప్రయోజనము. అది నమ్మకమును పెంచుదృష్టాంతము కాదు, పరీక్షను పెంచునది.

అంతటితో ఆగక, ఆ త్రాటిపైననే దర్శనములన్నియు కలహించినవి. ముత్యపుచిప్పలో వెండి తోచుట ఎట్లని ప్రశ్నించుకొని ప్రాభాకరులు అఖ్యాతి యనిరి; నైయాయికులు అన్యథాఖ్యాతి యనిరి; అద్వైతులు అనిర్వచనీయఖ్యాతి యనిరి; రామానుజీయులు జ్ఞానమంతయు యథార్థమేయని నిలిపిరి; బౌద్ధులు తమ వాదములను తాము చెప్పిరి. అమరావతి, జగ్గయ్యపేట, ఘంటసాల స్తూపములు నిలిచిన ఈ కృష్ణాతీరము బౌద్ధభిక్షువులు శతాబ్దముల తరబడి వసించిన నేల. గురువు చూపిన ఉదాహరణమును శిష్యుడును, ప్రతివాదియు తిరిగి గురువు మీదికే త్రిప్పుటకు అధికారము కలిగియుండిరి. దృష్టాంతమునకు గౌరవము ఆ అధికారము వలననే కలిగినది.

విరోచనుడు, ఇంద్రుడు

చేతితో చేయించు దృష్టిప్రయోగమునకు ఉపనిషత్తులలోనే ప్రసిద్ధమైన ఉదాహరణమొకటి కలదు. ఛాందోగ్యము ఎనిమిదవ అధ్యాయమున దేవతల పక్షమున ఇంద్రుడును, అసురుల పక్షమున విరోచనుడును ఆత్మవిద్యకై ప్రజాపతిని ఆశ్రయించి, 32 సంవత్సరములు బ్రహ్మచర్యము చేసిరి. ప్రజాపతి వారిని నీరు నిండిన మూకుడులో తమ్ము చూచుకొనుమనెను. రోమములు, గోళ్లతో సహా తమ రూపము కనబడినదనిరి. అలంకరించుకొని మరల చూడుమనెను. అలంకారములతో కూడిన రూపము కనబడినది. ఇదియే ఆత్మ యని ప్రజాపతి పలుకగా ఇరువురును సంతుష్టులై వెడలిరి.

విరోచనుడు నేరుగా అసురుల యొద్దకేగి, దేహమే ఆత్మయని, దానినే పూజింపవలెనని ప్రకటించెను. అతని మనస్సున సంశయలేశము లేదు. అతని విశ్వాసము నిశ్చలము. చూచినది కన్నులారా చూచినాడు, చెప్పినది గురువే చెప్పినాడు. ఇంద్రుడో, దేవతలను చేరకముందే నడిత్రోవలో ఆగిపోయెను. దేహము అలంకృతమైన నీడయు అలంకృతమగుచున్నది; మరి దేహము గ్రుడ్డిదైన నీడయు గ్రుడ్డిది కాదా? దేహము నశించిన ఇదియు నశింపదా? ఇందు మేలు కనబడుట లేదని సమిధలు చేతబట్టి వెనుకకు మరలెను. ప్రజాపతి అతని సంశయమును నిందింపలేదు. "నీవన్నది నిజమే" యని అంగీకరించి మరి 32 ఏండ్లు ఉండుమనెను. ఇంద్రుడు మరల సంశయించెను, మరల వచ్చెను. మొత్తము 101 సంవత్సరములకు గాని విద్య పూర్తికాలేదు.

పాత్ర యొకటే, నీరొకటే, గురువొకడే. ఒకడు నమ్మి చెడెను. ఒకడు సంశయించి తరించెను. ప్రయోగము యొక్క మంచిచెడ్డలు ప్రయోగములో లేవు, అది ముగిసిన పిమ్మట శిష్యుడు తిరిగివచ్చుటకు తలుపు తెరచియున్నదా లేదా అనుదానిలో ఉన్నవి. నాణెమును చూచి చప్పట్లు కొట్టిన పిల్లలందరిలో, మరునాడు వచ్చి, "అయ్యగారూ, నీళ్లు పోస్తే నాణెం ఉన్నచోట కాక కాస్త పైకి కనబడింది కదా, అయితే విశ్వాసం కూడ ఉన్నదానిని ఉన్నచోట కాక మరొకచోట చూపిస్తుందా?" అని అడుగు పిల్లవాడొకడుండును. కాలువలలో చేపలు పట్టువారి బిడ్డలకు ఈ ప్రశ్న రాకుండునా? చేప కనబడినచోటికి కాక, దానికి క్రిందుగా గురిచూడవలెనని వారికి తండ్రులు నేర్పినదే. ఆ బాలుని ప్రశ్నకు బోధకుడేమి సమాధానమిచ్చునో అదియే ఆ వేసవి తరగతి విలువ.

శ్రద్ధ యనగా నేమి

ప్రతివాది ఛాందోగ్యములోనిదే మరియొక ఘట్టమును చూపవచ్చును. ఉద్దాలకుడు శ్వేతకేతునిచే మఱ్ఱిపండును తెప్పించి, పగులగొట్టించి, అందులోని గింజను కూడ పగులగొట్టించెను. ఏమి కనబడుచున్నదని యడుగగా ఏమియు లేదని కుమారుని ఉత్తరము. ఆ కనబడని సూక్ష్మము నుండియే ఈ మహావృక్షము నిలిచినదని చెప్పి, శ్రద్ధ వహింపుమని తండ్రి పలికెను. ఇదియు "చూడక నమ్ముము" అనుటయే కదా యని ఆక్షేపము.

ఆక్షేపము బలమైనదే, సమాధానము తరువాతి ఖండముననే కలదు. శ్వేతకేతువు తలయూపి వెళ్లలేదు. ఇంకను తెలియజెప్పుమని అడిగెను. అప్పుడు తండ్రి ఉప్పును నీటిలో వేయించి, మరునాటి ఉదయమున దానిని తెమ్మనెను. ఉప్పు కంటికి కనబడలేదు. పైభాగమున, నడుమ, అడుగున రుచి చూపించెను, అంతటను ఉప్పనే. కంటికి అందనిది నాలుకకు అందినది. అంతకుముందు 15 దినములు నిరాహారముగా ఉంచి, వేదములు స్ఫురింపకుండుటను స్వయముగా తెలియజేసినదియు ఈ తండ్రియే. తత్త్వోపదేశము తొమ్మిదిమార్లు ఆవృత్తమగుటకు కారణము, కుమారుడు మరల మరల అడుగుటయే. ఇచ్చట శ్రద్ధ విచారణకు అంతము కాదు. తరువాతి పరీక్ష వరకు శిష్యుని నిలిపియుంచు ఓర్పు. అడుగుట మానిన క్షణమున అది శ్రద్ధ కాక జాడ్యమగును.

క్రైస్తవాచార్యుల సాక్ష్యము

ఈ విమర్శ పరమతము వారి ద్వేషము కాదనుటకు క్రైస్తవ సంప్రదాయమే సాక్షి. 13వ శతాబ్దపు మహాపండితుడైన థామస్ అక్వినాస్, త్రిత్వమును లౌకికయుక్తిచే నిరూపింప యత్నించువాడు విశ్వాసమునకే హాని చేయుచున్నాడనియు, దుర్బలయుక్తులను చూచి అవిశ్వాసులు పరిహసింతురనియు హెచ్చరించెను. అపొస్తలుడైన పౌలు ఈ లోకమున దైవజ్ఞానమును మసక అద్దములోని చూపుతో పోల్చెను. అద్దమును ప్రమాణముగా కాక, చూపునకు గల హద్దుగా చెప్పెను. యోహాను సువార్తలో తోమా గాయములను తాకిన గాని నమ్మననెను. చూడక నమ్మువారు ధన్యులను మాట ఆ ఘట్టమున ఉన్నది. బోధకులు దానిని తరచుగా వల్లింతురు. దానికి ముందు గురువు ఆ సంశయాత్ముని వెడలగొట్టక, తన గాయములను చూపి చేయి చాపుమన్నట్లు కూడ ఉన్నది. ఆ మాటను సైతము పిల్లలకు చెప్పవలెను.

ఈ డెల్టా చరిత్రయు ఇదే చెప్పును. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన రాబర్ట్ నోబుల్, 1843లో అచ్చట పాఠశాలను స్థాపించెను. 1852లో ఇద్దరు విద్యార్థులు మతము మారగా పట్టణము అట్టుడికి, పాఠశాల దాదాపు శూన్యమైనది. ఆ మార్పును హిందువులు ఎంతగా నిరసించినను, అది అట్టముక్కపై చుక్క మాయమైనందున జరిగినది కాదు. ఆ యువకులు తరగతి గదిలో గ్రంథమును చదివినవారు. వారితో వాదింపదగును, చుక్కను చూచి తలయూపినవానితో వాదించుటకు ఏమున్నది?

స్వపక్షదోషము

ఇంతవరకు చదివి సంతోషించిన హిందువులు ఈ భాగమును మరింత శ్రద్ధగా చదువవలెను. నాలుగు చుక్కల వంక అరనిమిషము చూచి, పిమ్మట గోడవైపు చూచినచో క్రీస్తుముఖము కనబడు చిత్రమొకటి ఫోన్లలో సంచరించుచుండును. దానివలెనే వేంకటేశ్వరుని చిత్రము, ఆంజనేయుని చిత్రము కూడ సంచరించుచున్నవి. అలసిన నేత్రకణములు చూపు విపరీతచ్ఛాయ అది. పచ్చకామెర్ల కంటికి శంఖము పచ్చగా తోచుటను దోషజన్యజ్ఞానమని నిర్ణయించిన శాస్త్రముల వారసులు, దానిని "స్వామి దర్శనము" అని పంచుకొనుచున్నారు!

నల్లగొండ చెంతనున్న పానగల్లులో కందూరు చోడుల కాలపు ఛాయాసోమేశ్వరాలయము కలదు. అచ్చటి గర్భాలయమున దినమంతయు ఒకేచోట స్తంభాకారమైన నీడ నిలిచియుండును. సూర్యుడు కదలినను నీడ కదలదు. పరావర్తనము చెంది లోనికి వచ్చు వెలుగును, స్తంభముల అమరికను గణించి ఆ నిర్మాణమును చేసిన శిల్పుల మేధకు నమస్కరింపవలసినది పోయి, కారణమెవరికిని తెలియని దైవలీల యని బాలురకు చెప్పుట ఎంత అన్యాయము! హంపీ విరూపాక్షాలయమున గోపురపు నీడ తలక్రిందులుగా పడుటయు ఇట్టిదే; చిన్నరంధ్రము గుండా వచ్చు కాంతికది సహజధర్మము. శిల్పి బుద్ధిని దాచి మహిమను అమ్ముట, బోధకుడు కన్ను లోపమును దాచి నమ్మకమును అమ్ముట, ఇవి రెండును ఒకే వర్తకము.

ఇంద్రకీలాద్రి పరిసరములలో హిందూ బాలలకు జరుగు వేసవి శిబిరములలోనైనను ఏమి జరుగుచున్నది? శ్లోకముల పోటీలు, ప్రశ్నలకు బహుమతులు. ఛాందోగ్యమునందలి నీటిపాత్ర, మఱ్ఱిగింజ, ఉప్పునీరు ఎన్ని శిబిరములలో పిల్లల చేతికి వచ్చినవి? ప్రయోగపద్ధతిని విడిచినవారు, దానిని వక్రముగానైనను పట్టుకొన్నవారిని నిందించుటకు అర్హులు కారు.

పరీక్ష వలన మతము చెడునను భయమును కూడ విడువవలెను. గోరా 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు తెచ్చిన నాస్తికకేంద్రము వారు నిప్పులపై నడచి, ఆ నడకకు మహిమ అక్కరలేదని చూపిరి. దానివలన మూఢవిశ్వాసమునకు హాని కలిగియుండవచ్చును గాని, ఆత్మవిద్యకేమి హాని? నిప్పుల నడకపై ఉపనిషత్తు నిలువలేదు.

ఫలితము

ఇది పెద్దల వాదవినోదము కాదు. పదవ యేట చుక్క మాయమగుటను చూచి దైవమును నమ్మిన బాలుడు పదవ తరగతికి వచ్చును. మానవనేత్రము, రంగుల ప్రపంచము అను పాఠమును చదువును. విజయవాడలోని ఏదో కళాశాలలో ఇంటర్మీడియట్ చేరి వక్రీభవనమును గణించును. ఆనాడు వానికి రెండే మార్గములు మిగులును: తనను మోసగించిరని విశ్వాసమును విసర్జించుట, లేదా విశ్వాసమును కాపాడుకొనుటకై శాస్త్రమును శత్రువుగా నెంచుట. రెండును నష్టములే. వాడు క్రైస్తవుడైనను, హిందువైనను నష్టమొక్కటే.

కావున బోధకులు గిన్నెను, నాణెమును, అట్టముక్కను దాచవలసిన పనిలేదు. కారణమును ముందు చెప్పవలెను. ఇది ఉపమ మాత్రమే, ప్రమాణము కాదని స్పష్టముగా పలుకవలెను. పిమ్మట పిల్లలను ప్రశ్నింపనీయవలెను. కన్ను పొరపడునని నేర్పినవాడు, చూపించువాడును పొరపడవచ్చునని నేర్పక తప్పదు. ఆ మాట చెప్పగల ధైర్యము ఏ మతబోధకునికి కలదో, వాని యొద్దకు పిల్లవానిని పంపుటకు తల్లిదండ్రులు శంకింపనక్కరలేదు. నీటిపాత్రను చూపిన ప్రజాపతి, ఇంద్రుడు మరలివచ్చు త్రోవను మూయలేదు.